బీరువాలన్నీ ఒకే చేతిలో ఉంటే
(బ్రౌజరు ఎంపికపై ఎల్లారెడ్డిలో చేసిన ప్రసంగ పాఠం)



గత నెల కామారెడ్డిలో మేము ఇదే విషయంపై మాట్లాడుతుండగా ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. "జనాబ్, రేషను గురించి, రిజర్వేషను గురించి, వక్ఫు గురించి చెప్పవలసిన మనిషి మీరు. ఫోనులో ఏ బ్రౌజరు వాడాలో చెప్పడానికి ఇంత మందిని పిలిపించారా?" అని అడిగారు. సభలో నవ్వులు వినిపించాయి. మేమూ నవ్వాము. ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే కనుక ఈ రోజు ఇక్కడ ఆ ప్రశ్నతోనే, అందులోనూ రేషను కార్డుతోనే ప్రారంభిస్తాము.

మేము ముప్పై సంవత్సరాలకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పని చేశాము. మా ఉద్యోగ జీవితంలో అధిక భాగం బీరువాల మధ్యనే గడిచింది. రేషను కార్డుల బీరువా ఒక గదిలో, పహాణీల బీరువా వేరొక గదిలో, పింఛన్ల కాగితాలు ఇంకొక కార్యాలయంలో, వాహనాల రిజిస్ట్రేషన్లు జిల్లా కేంద్రంలో ఉండేవి. ఒకరి తాళంచెవి ఇంకొకరి వద్ద ఉండేది కాదు. ఒక బీరువాలోని కాగితం రెండవ బీరువా వద్దకు చేరాలంటే ఉత్తరం రాయాలి, దానిపై అధికారి సంతకం కావాలి, ఇన్‌వర్డు రిజిస్టరులో సంఖ్య వేయాలి. ప్రజలు ఈ ఆలస్యాన్ని తిట్టేవారు. తిట్టడంలో న్యాయమూ ఉన్నది. అయితే ఆ ఆలస్యంలో పేదవానికి ఒక రక్షణ కూడా ఉండేదని మేము ఉద్యోగం విరమించిన తరువాతనే గ్రహించాము. ఒక మనిషికి సంబంధించిన కాగితాలన్నిటినీ ఒక్కచోట చేర్చదలచినవాడు, ఎందుకు చేర్చదలచాడో ఎవరికో ఒకరికి సమాధానం చెప్పుకోవలసి వచ్చేది.

తెలంగాణ ఏర్పడిన తరువాత ఆ బీరువాలను కంప్యూటరులో కలిపారు. దానికి సమగ్ర వేదిక అని పేరు. వివిధ శాఖల వద్ద ఉన్న వివరాలను పేరు, చిరునామా వంటి వాటి పోలికను బట్టి కలిపి, ఈ కుటుంబానికి కారు ఉన్నది, ఆ కుటుంబానికి భూమి ఉన్నది అని అది నిర్ణయిస్తుంది. 2014 నుండి 2019 వరకు మన రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు. ఇంటికి వచ్చి చూసినవారు లేరు. హైదరాబాదులో రిక్షా తొక్కి బ్రతికిన ఒక మనిషి పేరు, కారు కలిగిన మరొకరి పేరును పోలి ఉన్న కారణంగా ఆ రిక్షా కార్మికుని కుటుంబానికి బియ్యం నిలిచిపోయాయి. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. రద్దయిన కార్డులను తిరిగి పరిశీలించవలసిందిగా కోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ విధంగా తొలి విడతలో పరిశీలించిన సుమారు రెండు లక్షల దరఖాస్తుల్లో 15,471 కార్డులు పొరపాటుగా రద్దయినవని తేలింది.

ఇక్కడ ఉన్నవారు ఒక్కసారి మీ మీ ఇళ్ళలోని కాగితాలను జ్ఞాపకం చేసుకోండి. ఆధారులో మహమ్మద్, పదవ తరగతి మెమోలో మొహమ్మద్, రేషను కార్డులో ఎండీ, పాసుపోర్టులో వేరొక వర్ణక్రమం. షేక్ అన్న మాట ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకొకచోట ఎస్‌కే అన్న రెండక్షరాలై కూర్చుంటుంది. ఉర్దూలో పుట్టిన పేరు తెలుగులోనికి, అక్కడి నుండి ఇంగ్లీషులోనికి వచ్చేసరికి మూడు రూపాలు ధరిస్తుంది. ఆ పొరపాట్లలో కొన్నింటికి మా వంటి గుమాస్తాల చేతులే కారణమని ఒప్పుకోవడానికి మేము సిగ్గుపడటం లేదు. ఒక ఊరిలో ఒకే పేరున్న వారు పదిమంది ఉన్నచోట, పేరు పోలికను చూసి నిర్ణయించే యంత్రం ఎవరి విషయంలో ఎక్కువగా పొరబడగలదో వేరుగా చెప్పనవసరం లేదు.

ఇదంతా ప్రభుత్వ బీరువాల మాట. ఇక మనం మన చేతులతో నింపి, మన చేతులతోనే అప్పగిస్తున్న బీరువా ఒకటున్నది. అది ఫోనులోని బ్రౌజరు.

బ్రౌజరు అంటే అంతర్జాలంలోని పుటలను తెరిచి చూపే సాధనం. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఈపాస్ తెరిచినా, భూమి వివరాల కొరకు భూభారతి తెరిచినా, వార్త చదివినా, మందు పేరు వెదకినా అన్నీ దాని ద్వారానే జరుగుతాయి. అందుచేత ఇంటిల్లిపాది మనసులో ఉన్నది దానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అప్పు ఎక్కడ దొరుకుతుందని వెదకుతాము, రాత్రి రెండు గంటలకు ఛాతీ నొప్పి గురించి వెదకుతాము, కోడలికి సంతానం కలగకపోతే ఏ ఆసుపత్రి మంచిదని వెదకుతాము. పొరుగువారికి, అన్నదమ్ములకు చెప్పని మాటలు కూడా ఆ చిన్న పెట్టెలో టైపు చేస్తాము.

ఇందులో జరిగే పని ఎలాంటిదో కొంత వివరంగా చెబుతాము. మీరు ఒక వార్తా పత్రిక పుటను తెరిచారనుకోండి. మీ ఫోను ఆ పత్రిక వద్దకు మాత్రమే వెళ్ళిందని మీరు అనుకుంటారు. నిజానికి ఆ పుటలో ప్రకటనల కంపెనీలు అమర్చిన తునకలు అనేకం ఉంటాయి. వాటిలో ప్రతిదీ మీ ఫోనును పలకరిస్తుంది. పలకరించిన ప్రతి కంపెనీ మీ బ్రౌజరులో ఒక గుర్తు చీటీ ఉంచుతుంది. దానినే కుకీ అంటారు. మధ్యాహ్నం మీరు మందుల దుకాణం పుటను తెరిస్తే, అక్కడా అదే కంపెనీ తునక ఉంటుంది. ఉదయం ఉంచిన చీటీని చూసి, ఈ మనిషే ఆ మనిషి అని గుర్తిస్తుంది. ఈ విధంగా నెల తిరిగేసరికి మీ మీద ఒక ఫైలు తయారవుతుంది. చీటీలు చెరిపివేసినా, ఫోను నమూనా, తెర కొలత, భాష, అక్షరాల రకాలు మొదలైన వాటన్నిటినీ కలిపి వేలిముద్ర వలె గుర్తించే పద్ధతి వేరొకటి ఉన్నది.

ఈ ప్రకటనల వ్యాపారంలో అగ్రస్థానం గూగుల్‌ది. మన ఫోన్లలో అత్యధిక భాగం గూగుల్ వారి ఆండ్రాయిడ్‌పై నడుస్తాయి. వాటిలో వెదకుడు యంత్రం గూగుల్, బ్రౌజరు గూగుల్ క్రోమ్, ఉత్తరాలు జీమెయిల్, దారి చూపేది మ్యాప్స్, వీడియోలు యూట్యూబు. గుమాస్తా భాషలో చెప్పాలంటే, అన్ని బీరువాల తాళాలు ఒకే చేతిలో ఉన్నాయి. పైగా ఆ చేతి జీవనోపాధి ఫైళ్ళు చదవడమే. ఇది మా ఊహ కాదు. మన దేశపు పోటీ కమిషను 2022 అక్టోబరులో, ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసినందుకు గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అమెరికాలో 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా, వెదకుడు వ్యాపారంలో ఆ కంపెనీ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకున్నదని తీర్పు చెప్పారు. ఫోన్లలో, బ్రౌజర్లలో తన యంత్రమే ముందుగా ఉండాలని గూగుల్ ఇతర కంపెనీలకు 2021 ఒక్క సంవత్సరంలో 26.3 బిలియన్ డాలర్లు చెల్లించినట్లు ఆ విచారణలో బయటపడింది. అంటే రమారమి రెండు లక్షల కోట్ల రూపాయలు. మనం ఫోను కొన్న రోజున అందులో ఏది ఉంటే దానినే చివరి వరకు వాడుతామన్న మన సోమరితనం ఖరీదు అది.

ఎల్లారెడ్డికి చెందిన ఒక ఇల్లాలి విషయం చెబుతాము. పేరు చెప్పము, ఊరిలో ఎవరని ఊహించవద్దని కూడా కోరుతున్నాము. ఆమె భర్త పన్నెండేళ్ళుగా గల్ఫులో ఉన్నారు. రెండు ఫోన్లు ఒకేసారి కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు రెండింటికీ కలిపి ఒకే ఈమెయిల్ ఖాతా పెట్టి ఇచ్చాడు. ఇందులో వాని దురుద్దేశం ఏమీ లేదు. పని తొందరగా అవుతుందని చేశాడు. ఒక సంవత్సరం కూతురి కళాశాల రుసుముకు డబ్బు చాలక, భర్తకు చెబితే అక్కడ దిగులు పడతారని, బంగారంపై అప్పు ఏ బ్యాంకులో ఎంత వడ్డీకి ఇస్తారని ఆమె తన ఫోనులో కొన్ని రోజులు వెదకింది. ఖాతా ఒకటే అయినందున ఆమె వెదకిన మాటలన్నీ ఫోనుతో వచ్చిన బ్రౌజరులో అక్కడ భర్తకు కనిపించాయి. నగలు ఎందుకు తాకట్టు పెడుతున్నది, ఎవరికి ఇస్తున్నది అని ఆయన మనసులో అనుమానం మొదలైంది. రెండు వారాలు ఫోను చేయలేదు. తరువాత చేసిన ఫోనులో మాటలు బాగుండలేదు. ఆమె మా ఇంటికి వచ్చి, "చాచా, నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు. ఆయనకు ఎట్లా తెలిసింది?" అని అడిగింది. మాకు ఆనాడు సమాధానం తెలియదు. డిగ్రీ చదువుతున్న మా మనుమరాలు రెండు నిమిషాలు ఫోను చూసి విషయం చెప్పింది.

కలహం సర్దుకున్నది. అయితే ఆ ప్రశ్న మాలో మిగిలిపోయింది. మేము ఈ విషయం చదవడం అక్కడి నుండి మొదలైంది.

"తప్పు చేయనివానికి దాచవలసినది ఏమున్నది?" అని చాలామంది అంటారు. ఆ ఇల్లాలు ఏ తప్పు చేసింది? రిక్షా తొక్కిన మనిషి ఏమి దాచాడు? మన ఇళ్ళ గుమ్మానికి పరదా ఉన్నది. లోపల దొంగసొత్తు ఉన్నదని దానిని కట్టుకోలేదు. వచ్చినవారు గుమ్మం పక్కన నిలబడి, పిలిచి, లోపలి నుండి మాట వచ్చిన తరువాత అడుగు పెడతారు. ఆ పాటి మర్యాద ఫోనులోనికి వచ్చేవారి నుండి కోరడం అత్యాశ కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ఆ వ్యాజ్యం వేసిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల కమిషనుకు అధ్యక్షులుగా పని చేసినవారు. మన రిజర్వేషను చరిత్ర తెలిసిన పెద్దలకు ఆ పేరు కొత్తది కాదు. ఆధారుపై కోర్టుకు వెళ్ళేనాటికి ఆయన వయస్సు ఎనభై ఆరేళ్ళు. మా వయస్సువారు ఇది మనకు చేతకాని విద్య అని తప్పుకొనే ముందు ఆయనను తలచుకోవాలి.

మన సముదాయానికి ఈ విషయం ఇంకొంత దగ్గరగా తగిలిన సందర్భాలున్నాయి. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపే ముస్లిం ప్రో అన్న యాప్ మన వారిలో అనేకుల ఫోన్లలో ఉన్నది. ఆ యాప్ వాడేవారు ఎక్కడెక్కడ ఉన్నారన్న వివరాలు ఒక దళారీ కంపెనీ ద్వారా అమెరికా సైన్యపు గుత్తేదారులకు చేరుతున్నట్లు 2020 నవంబరులో మదర్‌బోర్డు అన్న పత్రిక వెల్లడించింది. ఆ తరువాత ఆ యాప్ వారు దళారీతో సంబంధం తెంచుకున్నారు. హైదరాబాదులో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను 2021 మేలో పోలీసులు రోడ్డుపై ఆపి, మాస్కు తీయమని చెప్పి, ఆయన నిరాకరించినా ఫొటో తీశారు. ముఖాన్ని గుర్తించే యంత్రాల వాడకంపై ఆయన వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. బ్రౌజరు మార్చినంత మాత్రాన రోడ్డుపై కెమెరా మూతపడదు. మేము అంతటి ఆశ చూపడం లేదు. కెమెరా విషయం కోర్టు చేతిలో, శాసనసభ చేతిలో ఉన్నది. బ్రౌజరు మన చేతిలో ఉన్నది. ఖర్చు లేదు, దరఖాస్తు లేదు, ఎవరి సంతకమూ అక్కరలేదు.

ఇక ఏది ఎంచుకోవాలన్న విషయానికి వద్దాము.

మొదట ఒక భ్రమను తొలగించాలి. ఇన్‌కాగ్నిటో అన్న నల్లని కిటికీ తెరిస్తే మనలను ఎవరూ చూడరని యువకులు అనుకుంటారు. ఆ కిటికీ మీ ఫోనును మీ తరువాత పట్టుకొనేవారి నుండి మాత్రమే దాచుతుంది. మీరు తెరిచిన సైటు నుండి, ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీ నుండి దాచదు. ఈ విషయంపైనే 2020లో అమెరికాలో గూగుల్‌పై వ్యాజ్యం పడగా, 2024 ఏప్రిల్‌లో రాజీ కుదిరి, కోట్లాది రికార్డులను ధ్వంసం చేయడానికి ఆ కంపెనీ అంగీకరించింది. ఆ కిటికీ తెరిచిన వేళ రికార్డే లేకుంటే ధ్వంసం చేయవలసినది ఏముంటుంది?

రెండవది, గూగుల్‌ది కానంత మాత్రాన ప్రతి బ్రౌజరూ మంచిదన్న నమ్మకం. పది సంవత్సరాల క్రితం కామారెడ్డిలోగాని, ఇక్కడగాని ఏ కుర్రవాని ఫోను చూసినా యూసీ బ్రౌజరు ఉండేది. తక్కువ డేటాతో వేగంగా నడుస్తుందని అందరూ వాడారు. అది చైనాలోని అలీబాబా కంపెనీది. ఫోను గుర్తింపు సంఖ్యలను, వెదకిన మాటలను అది సరైన భద్రత లేకుండా పంపుతున్నదని కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ 2015లోనే చెప్పింది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి. నిషేధం వచ్చేదాకా మనలో ఎందరు దానిని తీసివేశారు?

మూడవది కొంత లోతైన విషయం. బ్రౌజరు పైకి కనిపించే పేరు వేరు, లోపల నడిపే ఇంజను వేరు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డీ, సామ్‌సంగ్ ఫోన్లతో వచ్చేది, ఇవన్నీ ప్రధానంగా గూగుల్ అభివృద్ధి చేసే క్రోమియంపై కట్టినవే. మన దేశంలోని బ్రౌజర్లు కూడా దీనికి మినహాయింపు కాదు. బెంగళూరులో 2010లో ఎపిక్ అన్న బ్రౌజరు వచ్చినప్పుడు ఫైర్‌ఫాక్స్ పునాదిపై వచ్చింది. 2013 నాటికి క్రోమియంకు మారింది. కేంద్ర ప్రభుత్వం 2023లో స్వదేశీ బ్రౌజరు కొరకు పోటీ పెట్టింది. 2025 మార్చిలో జోహో వారి బృందానికి కోటి రూపాయల ప్రథమ బహుమతి లభించింది. ఆ జోహో తయారుచేసిన ఉలా బ్రౌజరు కూడా క్రోమియంపైనే నడుస్తుంది. వీటిలో బ్రేవ్, వివాల్డీ, ఉలా గోప్యత విషయంలో క్రోమ్ కంటే ఎంతో మేలైనవి. వాటిని వాడేవారిని మేము మార్చుకోమని చెప్పము. ఇల్లు వేరుగా కట్టుకున్నా, స్థలం పట్టా పెద్ద యజమాని పేరుననే ఉన్నదన్న విషయం మాత్రం జ్ఞాపకం ఉంచుకోవాలి. ఆ యజమాని నియమం మార్చితే ఏమి జరుగుతుందో 2024, 2025 సంవత్సరాల్లో చూశాము. ప్రకటనలను, నిఘా తునకలను అడ్డుకొనే యూబ్లాక్ ఆరిజిన్ అన్న ఉచిత పొడిగింత కోట్లమందికి ఆసరాగా ఉండేది. గూగుల్ తన నియమాలు మార్చగా అది క్రోమ్‌లో పనిచేయడం మానేసింది.

మేము మూడేళ్ళుగా వాడుతున్నది ఫైర్‌ఫాక్స్. అది మొజిల్లా అన్న లాభాపేక్ష లేని ఫౌండేషను ఆధ్వర్యంలో తయారవుతుంది. 2004లో వచ్చింది. దాని ఇంజను దానిదే. దాని మూల లిపి అందరికీ బహిరంగం. చదవగలిగినవారు ఎవరైనా తీసి చూడవచ్చు. నిఘా చీటీలలో చాలావాటిని అదే అడ్డుకుంటుంది. ఫోనులోని ఫైర్‌ఫాక్స్‌లో కూడా యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోవచ్చు. ఫోనులోని క్రోమ్‌లో ఆ సౌకర్యం ఏనాడూ లేదు. పెట్టుకున్న తరువాత పుటలు తేలికగా తెరుచుకోవడం, డేటా తక్కువ ఖర్చు కావడం మీకే తెలుస్తుంది.

మాకు మరింత సంతోషం కలిగించిన సంగతి, అది తెలుగులో ఉండటం. పుటలు మాత్రమే గాక, బ్రౌజరు మెనూలోని మాటలు కూడా తెలుగులో కనిపిస్తాయి. ఉర్దూలోనూ ఉన్నది, ఆ భాష పెట్టుకుంటే మెనూలన్నీ కుడి నుండి ఎడమకు మారుతాయి. ఈ అనువాదం చేసినవారు జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలు. తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి రెండు దశాబ్దాల చరిత్ర ఉన్నది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అన్న సంస్థ తెలుగులో కంప్యూటరు నిర్వాహక వ్యవస్థనే తయారు చేసింది. ఇంజనీరింగు చదువుతున్న మన పిల్లలు ఈ పనిలో పాలుపంచుకోవాలని మా కోరిక. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన పిల్లలు ఎల్లారెడ్డిలో ఉన్నట్లు ఎక్కువ చోట్ల ఉండరు.

ఫైర్‌ఫాక్స్‌కు లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొజిల్లా ఆదాయంలో పెద్ద భాగం, తన వెదకుడు యంత్రాన్ని ముందుగా ఉంచినందుకు గూగుల్ ఇచ్చే సొమ్మే. దానితో పోటీ పడేవాడు దాని సొమ్ముతోనే బ్రతకడం మాకు నచ్చలేదు. 2025 ఫిబ్రవరిలో మొజిల్లా కొత్తగా షరతుల పత్రాన్ని తెచ్చి, వాడుకరుల వివరాలను ఎన్నటికీ అమ్మబోమన్న పాత వాక్యాన్ని తొలగించింది. విమర్శలు వచ్చాక కొన్ని మాటలు సవరించింది. కనుక దీనినీ కళ్ళు మూసుకొని నమ్మవద్దు. ఏ పెద్ద కంపెనీ పునాది లేకుండా మొదటి ఇటుక నుండి కొత్త బ్రౌజరు కట్టాలని లేడీబర్డ్ అన్న బృందం ప్రయత్నిస్తున్నది. 2024లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది. మన చేతికి రావడానికి ఇంకా సమయం పడుతుంది.

పెట్టుకున్న వెంటనే చేయవలసిన పని ఒకటున్నది. ఫైర్‌ఫాక్స్‌లో కూడా వెదకుడు యంత్రంగా గూగులే ఉంటుంది. అమరికలు, అనగా సెట్టింగులలోనికి వెళ్ళి డక్‌డక్‌గోకు మార్చుకోండి. అది మీ పేరున ఫైలు తెరవదు. తెలుగులో వెదకినప్పుడు గూగుల్ ఇచ్చినంత మంచి ఫలితాలు రావు. ఇది మా అనుభవం. అలాంటప్పుడు ఆ ఒక్క ప్రశ్నకు గూగుల్ వద్దకు వెళ్ళి రండి, మడిగట్టుకొని కూర్చోనవసరం లేదు. అమరికలు మార్చడం కష్టమనుకొనే పెద్దవారికి డక్‌డక్‌గో వారిదే ఒక బ్రౌజరు ఉన్నది. ఒక్క గుర్తు నొక్కితే అప్పటివరకు చూసినవన్నీ చెరిగిపోతాయి. 2022లో వారు కూడా మైక్రోసాఫ్ట్ నిఘా తునకలలో కొన్నింటిని వదిలివేస్తున్నట్లు ఒక పరిశోధకుడు పట్టుకోగా, తరువాత సరిచేశారు. ఎవరో ఒకరు తనిఖీ చేస్తున్నంత కాలమే ఏ కార్యాలయమైనా సక్రమంగా నడుస్తుంది. ఇది మా ముప్పై ఏళ్ళ అనుభవం కూడా.

కొన్ని ప్రభుత్వ పోర్టళ్ళు, కొన్ని బ్యాంకు పుటలు ఫైర్‌ఫాక్స్‌లో మొరాయిస్తాయి. వాటి కొరకు పాత బ్రౌజరును ఉంచుకోండి. ఆ పని అక్కడ, మిగతా జీవితం ఇక్కడ. రెండు బీరువాలు రెండుగా ఉంటే చాలు.

గల్ఫులో ఉన్న మన వారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కామారెడ్డి జిల్లాలో గల్ఫు ఫోను రాని వీధి లేదు. టార్ అన్న బ్రౌజరు ఒకటున్నది. మీరు ఎక్కడ నుండి చూస్తున్నారో కూడా దాచే ప్రయత్నం చేస్తుంది. పాత్రికేయులకు, ప్రాణభయం ఉన్నవారికి అది అవసరం. నిత్య జీవితానికి నిదానం. దానిని, విపిఎన్‌లను చూసి ఉత్సాహపడి అక్కడివారికి పంపకండి. ఎమిరేట్స్‌లో విపిఎన్‌ను నేరానికి వాడినట్లు తేలితే 5 లక్షల నుండి 20 లక్షల దిర్హముల వరకు జరిమానా వేసే చట్టం ఉన్నది. ఏది నేరమో నిర్ణయించేది అక్కడి ప్రభుత్వం. వాట్సాప్‌లో మాట్లాడుకోవడం కుదరదని విపిఎన్ పెట్టుకొనే కుర్రవాళ్ళకు ఈ మాట తప్పక చెప్పండి. ఫైర్‌ఫాక్స్ వాడటంలో మాత్రం అక్కడా ఏ ఇబ్బందీ లేదు.

ఇంటిలో రెండు ఫోన్లున్నవారు ఈ రాత్రే ఒక పని చేయండి. ఏ ఫోనులో ఏ ఖాతా ఉన్నదో, దాని పాస్‌వర్డు ఎవరికి తెలుసో చూడండి. దుకాణంవాడు పెట్టిన పాస్‌వర్డు అయితే మార్చండి. భార్యాభర్తలైనా, తల్లీబిడ్డలైనా ఖాతాలు వేరుగా ఉండాలి. ఇందులో ఒకరిపై ఒకరికి నమ్మకం లేకపోవడమన్న ప్రసక్తి లేదు. మన ఆడపిల్లలు తమ ఆరోగ్యం గురించి, చదువు గురించి నిర్భయంగా వెదకగలిగితేనే చదువుకు అర్థమున్నది. ప్రతి మాటా అన్న ఫోనులో కనిపిస్తుందని తెలిసిన పిల్ల ఏమి వెదకుతుంది?

నెట్ సెంటర్ల మాట కూడా చెప్పి ముగిస్తాము. 2025లో వక్ఫు ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టలులో ఎక్కించవలసి వచ్చినప్పుడు మాకు తెలిసిన ముతవల్లీలు అనేకులు దస్తావేజుల సంచీతో నెట్ సెంటర్లకే వెళ్ళారు. స్కాలర్‌షిప్పులకు, హజ్ దరఖాస్తులకు వెళ్ళేదీ అక్కడికే. ఒకసారి మేము ఒక సెంటరులో కూర్చోగానే, మా ముందు వచ్చిన ఒక వితంతువు పింఛను దరఖాస్తు, ఆమె ఆధారు ప్రతి, ఆమె బ్యాంకు ఖాతా ఆ కంప్యూటరులో తెరిచే ఉన్నాయి. పాస్‌వర్డు దాచి ఉంచమంటారా అని బ్రౌజరు అడిగితే, ఆమెకు బదులు సెంటరు కుర్రవాడు అవునని నొక్కాడు. అటువంటి చోట ఇందాక మేము విమర్శించిన నల్లని కిటికీయే మీకు ఉపకరిస్తుంది. దానిని తెరిపించి పని చేయించుకోండి, అయ్యాక మూయించండి, డౌన్‌లోడ్ అయిన ఆధారు ప్రతిని మీ కళ్ళెదుట తీసివేయించండి. కుర్రవాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. రెండుసార్లు అడిగితే మూడవసారి తానే చేస్తాడు. కామారెడ్డిలో మేము వెళ్ళే సెంటరులో ఇప్పుడు అడగకుండానే చేస్తున్నారు.

సభ ముగిసిన తరువాత ద్వారం వద్ద రెండు బల్లలు వేయించాము. కుడివైపు బల్ల వద్ద సోదరీమణుల కొరకు మా మనుమరాలు, ఆమె స్నేహితురాలు కూర్చుంటారు. ఎడమవైపు ఇద్దరు డిగ్రీ విద్యార్థులున్నారు. ఒక్కొక్క ఫోనుకు పది నిమిషాలు పడుతుంది. ఫోనును వారి చేతికి ఇవ్వకండి. వారు చెబుతారు, మీరే నొక్కండి. పాస్‌వర్డు వారికి కూడా చెప్పకండి. ఈ రోజు వీలుకానివారు వచ్చే ఆదివారం అసర్ తరువాత ఇక్కడికే రావచ్చు. ఫోనులో చార్జింగు ఉండేటట్లు చూసుకొని రండి, ఈ హాలులో మీటలు రెండే ఉన్నాయి.